బొంత చేపలు పోయి గురక చేపలు మిగిలిన ఉప్పుటేరు: ఒక కేస్ స్టడీ

విశాఖపట్నం నుంచి భీమిలి దాటి ఉత్తరంగా వెళ్తుంటే రోడ్డుకీ సముద్రానికీ మధ్య అక్కడక్కడా చిన్న ఉప్పుటేర్లు తగులుతాయి. చిలికా, పులికాట్ సరస్సులు చూసిన కళ్ళకి ఇవి ఆనవు. అయినా పనిచేసే తీరు ఒకటే. పైనుంచి గెడ్డ, అంటే వాగు, మంచినీళ్ళు తెస్తుంది, కింద నుంచి పోటు ఉప్పునీళ్ళు తెస్తుంది, మధ్యలో ఇసుక దిబ్బ, ఆ దిబ్బలో నీళ్ళు వచ్చిపోయే నోరు, అంటే ఒక మొగ. మొగ ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది అన్నదాన్ని బట్టి లోపల ఏ చేప బతకాలో చాలావరకు తేలిపోతుంది.

ఈ కేసు అలాంటి ఒక ఉప్పుటేటిది. ఊరి పేరు రాయడం లేదు, అక్కడి తగాదాలు ఇంకా పూర్తిగా చల్లారలేదు. నేను మత్స్యశాస్త్రం చదివి, మత్స్యకార సహకార సంఘాలకి సలహాలిచ్చే పనిలో ఉన్నాను. ఆ ఊరి సంఘం నన్ను పిలిచింది రోగం కనుక్కోమని కాదు. మందు వాళ్ళే రాసి పెట్టుకున్నారు. పండుగప్ప పిల్లల్ని తెచ్చి ఉప్పుటేట్లో వదలాలి, దానికి అర్జీ రాయాలి, ఎన్ని వదలాలో నేను లెక్క చెప్పాలి. చేప తగ్గిపోయిందన్నది అందరూ ఒప్పుకునే మాట. ఎందుకు తగ్గిందో మాత్రం ఎవరి మాట వాళ్ళది. కుర్రాళ్ళు పైనున్న రొయ్యల చెరువుల నీళ్ళని అన్నారు. నీళ్ళకి అడ్డంగా కట్టు వలలు వేసేవాళ్ళు దోమతెర లాంటి సన్న కళ్ళ వలలని అన్నారు. దోమతెర వలలవాళ్ళు కట్టు వలలని అన్నారు. కుల పెద్ద ఒక్కాయనే, 'సముద్రమే మారిపోనాది బాబూ' అని ఊరుకున్నాడు.

చేపలు తగ్గాయన్న మాటతో నాకు పని జరగదు. ఏ చేప తగ్గింది, అందులో ఏ సైజు తగ్గింది అన్నవి రెండూ తెలియాలి. మొదటిది వల వేసేవాళ్ళ కంటే అమ్మేవాళ్ళకి బాగా తెలుస్తుంది. వల వేసేవాడికి బాగా పడ్డ రోజులు గుర్తుంటాయి. గంపలో చేపల్ని రకాలుగా వేరుచేసి, భీమిలి బజారులో బేరమాడి, మిగిలినవి ఉప్పులో వేసి ఎండబెట్టే ఆడవాళ్ళకి మామూలు రోజులు గుర్తుంటాయి. అందుకని పెద్దవాళ్ళతో మీటింగు అయ్యాక అమ్మకందార్ల దగ్గర కూర్చున్నాను.

'ఏ చేప ఎక్కువొస్తోందక్కా ఇప్పుడు?'

'ఏటుంది బాబూ, అన్నీ గురకలే. కొన్ని జెల్లలు. బొంత కావాలంటే హార్బర్ కెల్లి కొనుక్కోవాల. మండపీత సూసి ఎన్నాళ్ళైనాదో.'

కేసులో సగం ఈ మాటల్లోనే ఉంది. ఉప్పుటేటి చేపల్ని వాటి పుట్టుక చోటుని బట్టి రెండు గుంపులు చేయొచ్చు. మొదటి గుంపు ఉప్పుటేట్లోనే గుడ్లు పెట్టి అక్కడే పెరుగుతుంది. చైనా గురక, అంటే తిలాపియా, ఇందులోది. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేప గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, మంచినీళ్ళలోనూ ఉప్పునీళ్ళలోనూ బతుకుతుంది. కేరళవాళ్ళు కరిమీన్ అని మెచ్చుకునే చేప కూడా ఈ గుంపుదే, తల్లీ తండ్రీ రెండూ గుడ్లకి కాపలా కాస్తాయి. ఉప్పుటేటి జెల్ల కూడా సముద్రం ముఖం చూడకుండా తరాలు గడపగలదు.

రెండో గుంపుకి పుట్టిల్లు సముద్రం, పెరిగే ఇల్లు ఉప్పుటేరు. బొంత, అంటే మల్లెట్ జాతి చేప, సముద్రంలో గుడ్లు పెడుతుంది. అంగుళం పొడవున్న పిల్లలు మొగ గుండా లోపలికి వచ్చి, బురద మీది నాచునీ కుళ్ళిన ఆకుల పొడినీ తిని పెద్దవవుతాయి. తెల్ల రొయ్య, టైగర్ రొయ్య సెంటీమీటరు పొడవున్నప్పుడు లోపలికి వస్తాయి, కొన్ని నెలలు పెరిగి అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాటు నీళ్ళతో, అంటే వెనక్కి తగ్గే నీళ్ళతో, తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతాయి. మండపీత లోపలే జతకట్టినా, ఆడది గుడ్లు మోసుకుంటూ సముద్రానికే పోవాలి, దాని లార్వాలు చప్పటి నీళ్ళలో చచ్చిపోతాయి. పండుగప్పది కూడా ఇదే దారి.

ఆ అక్క చెప్పిన లెక్కలో తగ్గినవన్నీ రెండో గుంపువి, మిగిలినవన్నీ మొదటి గుంపువి. నీళ్ళలో విషం ఉంటే అది పుట్టిల్లు ఎక్కడని అడగదు, రెండు గుంపుల్నీ కొడుతుంది. రొయ్యల చెరువుల నీళ్ళు మంచివని నేను అనడం లేదు. చెరువుల కాలవ దగ్గర అమోనియా కొలిచే కిట్‌తో చూస్తే రంగు బాగానే తిరిగింది, అంటే అమోనియా ఉన్నట్టే, దాని మీద వేరే ఫిర్యాదు రాయించాం. కానీ బొంత లేకపోవడానికి అది మొదటి కారణం కాదు.

రెండో ప్రశ్న సైజుది. దీనికి ఒక చెక్క పలక మీద స్కేలు మేకుతో కొట్టి, దొరికిన ప్రతి బొంతనీ ముక్కు నుంచి తోక చీలిక దాకా కొలిచి పుస్తకంలో రాయించాం. రాసింది ఆ ఊళ్ళో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి. మొదట్లో నవ్వినవాళ్ళు తర్వాత తమ చేపల్ని వాళ్ళే పలక మీద పెట్టసాగారు.

వలలు ఎక్కువైతే ముందు పెద్ద చేపలు మాయమవుతాయి. పుస్తకంలో చిన్న కొలతలే కనిపిస్తాయి, పెరిగే లోపే పట్టేస్తున్నారని అర్థమవుతుంది. ఇక్కడ వచ్చింది దానికి పూర్తిగా తిరగేసిన బొమ్మ. దొరికేవి కొన్నే అయినా, దొరికినవన్నీ మూరెడుకి దగ్గరవి. జానెడు చేప దాదాపు లేదు. బొంత ఏడాదికి జానెడు అటూఇటూ పెరుగుతుంది, రెండు మూడేళ్ళకి గుడ్లు పెట్టే వయసుకి వస్తుంది. పెద్దవే ఉండి చిన్నవి లేవంటే కొత్త తరం లోపలికి రావడం లేదన్నమాట. ముసలివాళ్ళు మిగిలి బళ్ళో పిల్లలు లేని ఊరి సంగతే ఇది. చిన్న చేపలు వల కళ్ళలోంచి జారిపోతున్నాయేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి సన్న కళ్ళ విసురు వలతో ఒడ్డు వెంబడి వేయించి చూశాం. అందులోనూ గురక పిల్లలే.

వలల మీద పోట్లాట ఇక్కడ కొంత తగ్గింది. తమ మీద నేరం మోపని పుస్తకం అంటే ఎవరికైనా ఇష్టమే. వలలకి అసలు పాత్రే లేదని మాత్రం ఆ పుస్తకం చెప్పలేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మిగిలింది మొగ. మన తీరంలో నైరుతి రుతుపవనాల అలలు ఇసుకని ఉత్తరంగా నెడతాయి, ఈశాన్య కాలంలో కొంత వెనక్కి, దక్షిణంగా నెడతాయి. మొత్తం మీద ఉత్తరంగా పోయేదే ఎక్కువ. విశాఖ పోర్టు అడ్డుగోడల వల్ల ఉత్తరాన ఆర్కే బీచ్ కోతకి గురవడం, డ్రెడ్జర్‌తో తీసిన ఇసుకని అక్కడ పోయడం నగరంలో అందరికీ తెలిసిందే. అలల నెట్టుడుకి ఎదురు నిలబడి మొగని తెరిచి ఉంచేవి రెండే: లోపల నుంచి గెడ్డ తోపు, రోజుకి రెండుసార్లు వచ్చిపోయే పోటూ పాటూ. విశాఖ దగ్గర పెద్ద పోటుకీ పాటుకీ మధ్య తేడా ఒకటిన్నర మీటర్లకి కాస్త అటూఇటూ. చిన్న ఉప్పుటేట్లో ఆ తేడా ఒక్కటే మొగని కాపాడలేదు, గెడ్డ కూడా తొయ్యాలి. గెడ్డ నీళ్ళకి పైన చెరువులు, చెక్ డ్యాములు, బోర్లు వాటాదార్లయ్యాయి. ఇంతకంటే పెద్ద నదులకీ ఇదే కథ. గోస్తనికి తాటిపూడి రిజర్వాయరు కట్టాక దాని నీళ్ళు పొలాలకీ విశాఖ నగరానికీ పోతున్నాయి, భీమిలి దగ్గర సముద్రానికి చేరేది మిగులు. మా ఉప్పుటేటికైతే రోడ్డు కింద ఇరుకు తూము ఒకటి అదనం.

ఊరివాళ్ళు చెప్పిన దాన్ని బట్టి మొగ తెరుచుకునే కాలం ఏటేటా కుంచించుకుపోతోంది. వానలకి తెగుతుంది, గెడ్డ తగ్గగానే పూడుతుంది. ఇక్కడే అసలు చిక్కు. చిలికాలో గుడ్లతో నిండిన పెద్ద బొంతలు అక్టోబరు నుంచి జనవరి దాకా సముద్రానికి దిగుతాయి. వాటి పిల్లలు ఆ వెంటనే, చలికాలం చివరి దాకా ఒడ్డుకి చేరుతుంటాయి. ఇక్కడి మొగ సరిగ్గా ఆ నెలల్లోనే మూసుకుపోతోంది. తల్లులు బయటికి పోలేవు, ఇంకెక్కడో పుట్టిన పిల్లలు దిబ్బ అవతల అలల్లో తిరిగి వేరే మొగ వెతుక్కుంటాయి.

ఈ మాట చెప్పగానే ఒక కుర్రాడు లేచి, 'అయితే జేసీబీ తెచ్చి కొట్టేద్దాం సార్' అన్నాడు. అంతకుముందు వేసవిలో వాళ్ళు అదే చేశారని అప్పుడే బయటపడింది. మర్నాడు తెల్లారేసరికి చేపలు తేలిపోయాయి. ఎవరో మందు కలిపారని స్టేషన్ దాకా వెళ్ళారు కూడా.

ఆ రోజు సంగతి వివరంగా అడిగాను. చచ్చినవాటిలో పెద్దవే ఎక్కువన్నారు. పీతలు తెల్లవారకముందే గట్టు మీదికి ఎక్కాయి. గురకలూ జెల్లలూ చాలావరకు బతికాయి. బురద కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. పురుగుమందు అయితే సాధారణంగా చిన్న చేపలూ రొయ్యలూ ముందు పోతాయి, పీతలకి గట్టెక్కే తీరిక ఉండదు. పెద్దవి ముందు పోవడం, తెల్లవారుజామున పోవడం, పీతలు పైకి రావడం ఇవన్నీ నీళ్ళలో ప్రాణవాయువు అయిపోయిందనడానికి గుర్తులు. మూసుకున్న ఉప్పుటేట్లో బరువైన ఉప్పునీళ్ళు అడుగునా, తేలికైన మంచినీళ్ళు పైనా విడివిడిగా పరుచుకుంటాయి. అడుగున కుళ్ళే చెత్త అక్కడి ఆక్సిజన్‌ని తినేసి హైడ్రోజన్ సల్ఫైడ్‌ని మిగులుస్తుంది. నీటిమట్టం తక్కువ ఉన్న వేసవిలో దిబ్బని కోస్తే ముందు పారిపోయేది పైనున్న మంచి పొర. చేపలకి మిగిలేది అడుగు నీళ్ళే. అదీ రాత్రిపూట కోశారు, నాచు ఆక్సిజన్ ఇవ్వని వేళ. మందు కలిపినవాడంటూ ఎవడూ లేడు. ఈ మాట కొందరికి నచ్చలేదు, అప్పటికే ఒకరి మీద కేసు పెట్టి ఉన్నారు.

దీంతో పాటు నిబంధనల సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధిలో యంత్రంతో ఇసుక తవ్వడం ఊరు తనంతట తాను తీసుకునే నిర్ణయం కాదు. తహసీల్దారు, మత్స్యశాఖ, పంచాయతీ ముగ్గురికీ కాగితం పెట్టించి, పారలతోనే పని అని రాయించాం. నిజానికి పారలే మేలు. వేళ సరిగ్గా కుదిరితే మనిషి కోయాల్సింది చిన్న కాలవే, మిగతాది నీళ్ళే కోసుకుంటాయి.

వేళ ఎంచుకోవడంలో నాలుగు సంగతులు కలవాలి. తుపాను వానలు గానీ ఈశాన్య వానలు గానీ పడి గెడ్డ పారుతూ ఉండాలి, లోపలి మట్టం సముద్రం కంటే బాగా ఎత్తులో ఉండాలి. అమావాస్యకో పౌర్ణమికో దగ్గర రోజై ఉండాలి. పోటు నిండి పాటు మొదలవగానే చివరి కట్ట తెగాలి, అప్పుడు కొన్ని గంటలపాటు నీళ్ళు ఒకే దిక్కున లాగుతాయి. పని పగలు జరగాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే మానేయాలి, కోసింది కోసినట్టే అలలు పూడ్చేస్తాయి. ఇవి విని కుల పెద్ద ముసిముసిగా నవ్వాడు. మా తాతలు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి మొగ కోసిందీ ఇదే వేళకని చెప్పాడు. నేను పుస్తకంలో చదివింది ఆయన చూసి నేర్చుకున్నాడు. నాకు తెలిసి ఈ కేసులో అందరికంటే తక్కువ మాట్లాడి ఎక్కువ తెలిసినవాడు ఆయనే.

అడ్డుపడింది రైతులు. మొగ తెరిస్తే వరద దిగుతుంది, అది వాళ్ళకీ కావాలి. కానీ తెరిచి ఉంచితే పోటు నీళ్ళు గెడ్డ మీదుగా పొలాల్లోకి ఎక్కుతాయని భయం. భయం సరైనదే, ఉప్పు ఎక్కిన మడి కోలుకోవడానికి వానలు కావాలి. రోడ్డు తూము దగ్గర పలకల తలుపు పెట్టి పోటు వేళ దించుకునే ఏర్పాటుకి ఒప్పుకున్నాక గాని సంతకం పెట్టలేదు. ఆ తలుపు ఖర్చు ఎవరిదన్నది ఒక పంచాయతీ ఎన్నికంత నడిచింది. దాని గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది.

వలల మాట కూడా అప్పుడే తేల్చాం. మొగ తెరిచాక బొంతలు గుంపులుగా మొగ నోట్లోకి చేరతాయి. జన, అంటే గుడ్లు, నిండిన చేపకి రేటు ఎక్కువ, ఇరుకు నీళ్ళలో పట్టడం తేలిక. అడ్డంగా కట్టు వల వేస్తే ఒక్క రాత్రిలో తల్లులన్నీ గంపల్లోకి పోతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది కదా అని ఒకరన్నారు. ఆ నిషేధం సముద్రంలో తిరిగే మరపడవలకి. బొంత గుడ్లు పెట్టేది ఆ రోజుల్లో కాదు, మొగని కాపాడేది ఆ చట్టమూ కాదు. ఇక్కడి నిషేధం ఊరే పెట్టుకోవాలి.

చివరికి ఒప్పుకున్నది ఇంత. మొగకి రెండు వైపులా కొంత దూరం ఏ వలా వేయకూడదు, హద్దుకి సరుగుడు కర్రలు పాతారు. లోపల కట్టు వల వేసినా కాలవ వెడల్పులో మూడో వంతు ఖాళీగా వదలాలి. దోమతెర వలలు పూర్తిగా బంద్, అయితే చేతులతో రొయ్యలు ఏరుకునే ముసలమ్మలకి ఏ అడ్డూ లేదు. మంచి చోట్ల కోసం కొట్టుకోకుండా వంతులు వేసుకోవాలి. ఈ చివరిదానికి పులికాట్‌లోని 'పాడు' అనే పద్ధతి గురించి చెప్పాను. అక్కడ రొయ్యలు పడే చోట్లని ఊరు చీట్లు వేసి పంచుకుంటుంది, ఈ రోజు మంచి చోటు దొరికినవాడికి రేపు మామూలుది. ఈ ఊళ్ళో చీట్ల బదులు ఇంటి వరస పెట్టుకున్నారు. చీట్లలో మోసం జరుగుతుందని వాళ్ళ నమ్మకం.

ఇక పండుగప్ప. ఈ అర్జీని నేను రాయలేదు, అందుకు కొందరికి కోపం ఇంకా ఉంది. పండుగప్ప వేటాడే చేప. కొత్తగా లోపలికొచ్చే బొంత పిల్లలూ రొయ్య పిల్లలూ దానికి మేత. అదీగాక పండుగప్ప మగదిగా పెరిగి, ఏళ్ళు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. రేటు బాగుందని పెద్దవి పట్టేసే చోట ఆడది తయారవడమే కష్టం. మొగ మూసి ఉంటే అసలు గుడ్లకి దారే లేదు. అంటే ప్రతి ఏడూ డబ్బు పెట్టి పిల్లలు కొనాలి, అవి గురకల్ని తింటాయన్న ఒక్క లాభానికి బొంతల్ని కూడా పణంగా పెట్టాలి. పంజరాల్లో విడిగా పెంచుకుంటామంటే సాయం చేస్తానన్నాను. మేత ఖర్చు లెక్క వేసి చూపించాక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొగ తెరిస్తే నిజంగా చేప వస్తుందా అని అడిగినవాళ్ళకి చిలికా కథ చెప్పాను. ఇసుక మేట వేసి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, 1990ల చివరికి చిలికా చేపల దిగుబడి ఏడాదికి రెండు వేల టన్నుల లోపుకి పడిపోయింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. రెండేళ్ళలో దిగుబడి పది వేల టన్నులు దాటింది. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు 2002లో ఆ జాబితా నుంచి బయటికొచ్చింది. అయితే చిలికా వెయ్యి చదరపు కిలోమీటర్ల సరస్సు, వెనక మహానది పాయలున్నాయి. మన గెడ్డకి అంత తోపు లేదు. అక్కడిలా ఒకసారి తవ్వి వదిలేస్తే ఇక్కడ నిలవదు, ఏటా వేళ చూసుకుని కోసుకోవాల్సిందే.

అక్టోబరు చివర్లో వాన పడ్డాక, అమావాస్య దాటిన మర్నాడు కోశారు. పారలతో తీసిన కాలవ మనిషి దూకగలిగినంతే, సాయంత్రానికి తెప్ప పోయేంత అయింది. చేపలు తేలలేదు. మొగ ఈసారి సంక్రాంతి దాటి నిలిచింది.

ఫలితం అన్ని జాతుల్లో ఒకేసారి కనపడదని ముందే చెప్పి ఉంచాను, అది మంచిదైంది. రొయ్య కొన్ని నెలల పంట, కాబట్టి మొదటి వేసవికే తేడా తెలిసింది. అది చూసి కొందరు పని అయిపోయిందనుకుని, హద్దు కర్రలు పీకి వలలు వేశారు. పెద్దలు జరిమానా వేశారు, కొందరు కట్టారు, ఒక కుటుంబం కట్టలేదు. బొంత విషయంలో మొదటి ఏడాది కనిపించింది ఒడ్డు వెంబడి తిరిగే వేలెడు పిల్లలే. కొలత పుస్తకంలో జానెడు బొంతలు ఆ తర్వాతి ఏడాదికి గాని ఎక్కలేదు. గురకలు తగ్గాయా అంటే, ఉప్పు పెరిగిన మొగ వైపు తగ్గాయి, గెడ్డ వైపు అలాగే ఉన్నాయి. ఒకసారి వచ్చిన గురకని ఏ పద్ధతీ పూర్తిగా పంపించలేదు, తినడమే దారి. మండపీత ఒకటీ అరా పడుతోంది, దాని మీద ఇప్పుడే ఏమీ అనలేను.

కొలతలు రాసిన అమ్మాయి చదువైపోయి నగరంలో ఉద్యోగానికి వెళ్ళింది. పుస్తకం ఇప్పుడు చేపలమ్మే అక్క కొడుకు రాస్తున్నాడు. నెలకి ఒక అమావాస్య రోజున, ఒకే చోట, ఒకే విసురు వలతో పట్టినవి మాత్రమే కొలవమని చెప్పాను. అన్ని వలల చేపల్నీ కలిపి రాస్తే వల మారిందో చేప మారిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. తూము తలుపుకి ఒక పలక విరిగింది, వచ్చే వానల లోపు మార్చకపోతే రైతులు మొగ కోయనివ్వబోమంటున్నారు. సంఘం తీర్మానం చేసి పంచాయతీకి పంపింది.